అమ్మ ఇంగ్లీష్ మాట్లాడుతుంది

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందే ఒక మాట. అడ్మిషన్ల గదిలో ఏసీ చల్లగా ఉంటుంది, సోఫా మెత్తగా ఉంటుంది, కాఫీ అడక్కుండానే వస్తుంది. అది చూసి ఇదేదో తీరుబడి కొలువనుకుంటే మీ ఖర్మ. పిల్లల చదువు కోసం మనుషులు ఎంతకు తెగిస్తారో కళ్లారా చూడాల్సి వచ్చే గది అది.

మాది తెనాలి వైపు. పెళ్లయి హైదరాబాద్ వచ్చి, మొదట బాలానగర్‌లో ఒక చిన్న బడిలో తెలుగు చెప్పాను. గోడకు అవతల లేతు మిషన్ల మోత, ఇవతల నా మోత. తర్వాత నానక్‌రామ్‌గూడ దగ్గర ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో తెలుగు టీచరుగా చేరాను. అక్కడే అడ్మిషన్ల బాధ్యత కూడా నా నెత్తిన పడింది. పోయినేడు రిటైరయ్యాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో రాయను. అవి చదివి మీకు ఒరిగేదేమీ లేదు. ఒక పిల్ల సంగతి రాస్తాను.

గదిలో జరిగేది

మా స్కూల్లో ఇంటర్వ్యూ అనకూడదు. ఇంటరాక్షన్ అనాలి. పేరు మార్చినంత మాత్రాన భయం తగ్గుతుందా? వచ్చే తల్లిదండ్రుల చేతులు ఐసుముక్కల్లా ఉండేవి. పిల్లలకు ముందే తర్ఫీదు ఇచ్చి తెచ్చేవాళ్లు. ఒకసారి ఒక బుడ్డోడిని, "ఈ బంతి ఏ రంగు నాన్నా?" అని అడిగితే, వాడు లేచి నిలబడి పేరు, అపార్ట్‌మెంటు పేరు, ఇష్టమైన పండు, పెద్దయ్యాక ఏమవుతాడు, అన్నీ ఒకే ఊపులో అప్పజెప్పి కూర్చున్నాడు. బంతి రంగు మాత్రం చెప్పలేదు. నవ్వు ఆపుకోలేక నేను మంచినీళ్ల వంకతో బయటికి వెళ్లాను.

పిల్లలకు భాష రాదేమోనని మీరు బెంగపడకండి. భాష దానంతటదే వస్తుంది. ఒక కొరియా ఇంజనీరు గారి అబ్బాయి మా దగ్గర చేరినప్పుడు వాడికి ఇంగ్లీషూ రాదు, తెలుగూ రాదు. మా స్కూల్లో గేటు దగ్గర పిల్లలను చూసుకునే ఆయమ్మ యాదమ్మ వెనకే తిరిగేవాడు. నెల తిరక్కుండానే వాళ్ల నాన్న ఎవరితోనో మాట్లాడుతూ నిలబడిపోతే, "ఇగ పోదాం, జర జల్ది" అని చెయ్యి పట్టి లాగాడు. ఆయన నోరు తెరిచి చూశాడు. పిల్లల శక్తి అలాంటిది.

మా ప్రిన్సిపాల్ ఉత్తరాది ఆయన. నిజాయితీపరుడు, కష్టజీవి. తెలుగులో నమస్కారం తప్ప రెండో ముక్క రాదు. తల్లిదండ్రుల ఇంగ్లీషు మేం చూడమని ఆయన ప్రతి సభలోనూ చెప్పేవారు. గదిలో మాత్రం మొదటి ప్రశ్న ఇంగ్లీషులోనే పడేది, తల్లి తడబడితే ఆయన పెన్ను ఆగిపోయేది. వాళ్లు వెళ్లాక, "ఫ్యామిలీ ఫిట్ కాదేమో" అనేవారు. ఆ ఫిట్ ఏమిటో ఆయనా చెప్పలేదు, నేను అడిగినా తేలలేదు. బయట అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తేలిపోయింది. తల్లికి ఇంగ్లీషు రాకపోతే ఆ స్కూల్లో సీటు రాదని అందరూ అనుకునేవాళ్లు.

చక్కని తల్లి

ఆద్య అనే పిల్లను తీసుకుని ఒక కుటుంబం వచ్చింది. తండ్రి సురేంద్ర, అనంతపురం జిల్లా మనిషి, ప్లాట్ల వ్యాపారం. పక్కన శ్వేత. సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. "నా ఇంగ్లీషు కొంచెం తక్కువ మేడం, పాప చదువు సంగతంతా మా మిసెస్ చూసుకుంటాది" అని సురేంద్ర ముందే చెప్పేశాడు.

శ్వేత మాట్లాడుతుంటే ప్రిన్సిపాల్ ముఖం విప్పారింది. పిల్ల తన ఇష్టాలు తానే కనుక్కోవాలట, తాము వెనక నిలబడితే చాలట. ఇంగ్లీషు తడుముకోకుండా, తొణక్కుండా వచ్చింది. పిల్లను "ఈవిడ ఎవరు?" అని అడిగాం. పిల్ల తండ్రి వైపు చూసి, "మమ్మీ" అంది. శ్వేత ఒళ్లో కూడా అంచునే కూర్చుంది. కొత్తచోటు, బెరుకు అనుకున్నాం. వాళ్లు వెళ్లాక ప్రిన్సిపాల్, "ఎంత చక్కని తల్లి!" అన్నారు. సీటు వచ్చింది.

కాగితాలు చూడలేదా అని మీరు అడుగుతారు. చూశాం. పుట్టిన సర్టిఫికెట్లో తల్లి పేరు వేరే ఉంది, శ్వేత అనేది ఇంట్లో పిలిచే పేరన్నారు. అందులో ఫోటో ఉండదు. ఆధార్ జెరాక్సులో ఫోటో ఉంటుంది, కానీ అందులో నన్ను చూపించినా నేనే గుర్తుపట్టను.

పిల్లకు బస్సు పడేది కాదు, ఎక్కితే వాంతులు. అందుకని ఇంటి నుంచి ఒక మనిషి వచ్చి తీసుకెళ్లేది. మా దగ్గర పిల్లను తీసుకెళ్లే ప్రతివాళ్లకూ ఫోటో ఉన్న పికప్ కార్డు ఇస్తాం. ఆమె కార్డు మీద 'కేర్‌టేకర్' అని ఉండేది. నూలుచీర, నూనె రాసి బిగించి వేసుకున్న జడ. పిల్ల ఆమెను అక్కా అని పిలిచేది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో పిల్లలు పనామెను అలాగే పిలుస్తారు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు.

యాదమ్మకు మాత్రం ఆమె అంటే మహా ముచ్చట. "మేడం, గామెను చూసిన్రా? పోరి చెమటలు గూడ కొంగుతోని తుడుస్తది. కన్నతల్లి గింత చూస్కుంటదా? జీతమెంతనో అడిగితే నవ్వుతది, చెప్పది" అంది ఒకరోజు. "అలాంటి మనిషి దొరకడం వాళ్ల అదృష్టం" అన్నాను నేను. ఇద్దరం అంత తెలివైనవాళ్లం.

తెలుగు క్లాసులో

అడ్మిషన్లు చూస్తున్నా చిన్నపిల్లల తెలుగు క్లాసు నేను వదులుకోలేదు. కుర్చీలో కూర్చుంటే పిల్లలు అర్థం కారు. మీకూ అదే చెప్తున్నాను, వారానికి రెండు క్లాసులైనా అడిగి తీసుకోండి.

ఒకరోజు ఇంట్లో మనుషుల గురించి మాట్లాడిస్తున్నాను. ఆద్య వంతు వచ్చింది.

"నీకు అన్నం ఎవరు కలిపి పెడతారమ్మా?"

"అక్క."

"జడ ఎవరు వేస్తారు?"

"అక్క."

"పడుకునేటప్పుడు కథ ఎవరు చెప్తారు?"

"అక్క. తోడేలు కథ చెప్తది."

"మరి అమ్మ ఏం చేస్తుంది?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. చివరికి, "అమ్మ ఇంగ్లీష్ మాట్లాడుతుంది" అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ లోపల మంటెత్తిపోయింది. స్టాఫ్ రూమ్‌కు వెళ్లి ఆ శ్వేతను దులిపేశాను. బిడ్డను పనిమనిషికి అప్పజెప్పి లాప్‌టాప్ ముందు కూర్చునే తల్లి తల్లేనా అని ఊగిపోయాను. ఈ ఐటీ కారిడార్లో అందరూ ఇంతేనని తీర్పు కూడా చెప్పేశాను. తీర్పు చెప్పడంలో నేను ఎప్పుడూ ముందుంటాను.

జ్వరం వచ్చిన రోజు

ఒక మధ్యాహ్నం ఆద్యకు ఒళ్లు కాలిపోయింది. నర్సు సెలవులో ఉండటంతో సిక్ రూమ్‌లో నేనే కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్నాను. రికార్డులో ఉన్న తల్లి నంబరుకు ఫోన్ చేశాను. శ్వేత ఎత్తింది. మీటింగులో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది.

"పాపకు బాగా జ్వరంగా ఉందండి. వెంటనే రావాలి" అన్నాను.

"అయ్యో! ఉండండి, వాళ్లకు చెప్తాను" అని పెట్టేసింది.

వాళ్లకా? బిడ్డకు జ్వరమంటే వాళ్లకు చెప్తాననే తల్లిని నేను ఎక్కడా చూడలేదు. మనసులో నాలుగు తిట్లు తిట్టుకున్నాను.

కాసేపటికి ఆ అక్క వచ్చింది. షేర్ ఆటో దిగి పరుగెత్తుకొచ్చినట్టుంది, చెప్పు తెగి చేతిలో ఉంది. నన్ను పలకరించనైనా లేదు. వంగి పిల్ల నుదుటికి తన చెంప ఆనించింది. పిల్ల కళ్లు తెరిచింది.

"గేటు దాటినామా?" అని అడిగింది.

ఆమె పిల్ల జుట్టు వెనక్కి తోసింది. "లేదు బంగారూ. ఇంకా దాటలా."

"ఎప్పుడు దాటతాం? నాకు అమ్మా అనాలని ఉంది."

నా చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నీళ్లు కారి నా చీర తడుస్తోంది. ఆమె నా వైపు చూసింది. ఇక దాచడానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఎవురికీ చెప్పొద్దు మేడం, మీ కాళ్లు పట్టుకుంటా" అంది. "నేనే వాళ్లమ్మని. తెలిస్తే పాప సీటు పోతాది."

ఆమె పేరు నాగవేణి. శ్వేత ఆమె మరిది భార్య, అంటే పిల్లకు పిన్ని. కుర్చీ చూపించినా కూర్చోకుండా, పిల్ల కాళ్లు పట్టుకుని నిలబడే చెప్పింది.

"నాకు ఇంగ్లీషు రాదు మేడం. ఇంతకుముందు వేరే స్కూల్లో నన్ను కూర్చోబెట్టి ఏమేమో అడిగినారు. నాకు నోరు పెగల్లా. సీటు రాలా. ఆ పొద్దు నుంచి మా ఆయన ఇంట్లో సరిగ్గా మాట్లాడలా. ఈ స్కూలుకు వచ్చేటప్పుడు, ఒక్క పొద్దే కదా అని శ్వేతను కూర్చోబెట్టినాం. సీటు వచ్చినాక చూస్తే పాపకు బస్సు పడదు. శ్వేతకేమో ఆఫీసు. ఇంగ నేను తప్ప ఎవురొస్తారు?"

"పిల్లకు ఎలా నేర్పారమ్మా ఇదంతా?" అన్నాను.

"ఆట లెక్క నేర్పించినాం మేడం. హాల్లో సోఫా దిండ్లు పెట్టి గేటు చేసినాం. ఇటుపక్క అమ్మ, అటుపక్క అక్క. రెండు దినాలకే నేర్చుకునింది. ఒక్కసారి గూడ తప్పలా. మా పాప చానా తెలివైంది."

ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో గర్వం కనిపించింది. పిల్లలు భాష ఎంత త్వరగా పట్టేస్తారో చెప్పే శిక్షణ తరగతులు నేను ఎన్నో విన్నాను, ఎన్నో చెప్పాను కూడా. దిండ్లతో గేటు కట్టి తల్లిని అమ్మ అనకుండా నేర్పిన పాఠం గురించి ఎక్కడా వినలేదు. బయట పిల్లలు లైను కట్టి ఇంగ్లీషు పాట పాడుకుంటూ వెళ్తున్నారు.

ప్రిన్సిపాల్ గదిలో

నేను ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఆమె అంతగా బతిమాలినా చెప్పాను. పిల్ల చెయ్యి పట్టుకుని గేటు బయటికి తీసుకెళ్లేది ఎవరన్నది స్కూలుకు తెలిసి తీరాలి. అక్కడ జాలి పనికిరాదు. మీకు అలాంటి రోజు వస్తే మీరూ చెప్పండి, కానీ చెప్పి ఊరుకోకండి.

ఆయన నమ్మలేదు. రెండుసార్లు చెప్పించుకున్నారు. "నేను మెచ్చుకున్న ఆ తల్లి... తల్లి కాదా?" అన్నారు. తర్వాత ముఖం ఎర్రబడింది. "ఇది మోసం. అడ్మిషన్ రద్దు చేస్తాను" అన్నారు. పిలిపించి మాట్లాడకుండా ఆ పని చేయడానికి వీల్లేదని నేను పట్టుబట్టాను. గట్టిగానే పట్టుబట్టాను, బయట ఉన్నవాళ్లకు కూడా వినిపించిందట.

జ్వరం తగ్గి పిల్ల ఇంకా ఇంట్లో ఉండగానే సురేంద్ర, నాగవేణి వచ్చారు. ఆయన నలిగిపోయిన మనిషిలా ఉన్నాడు. కూర్చోమంటే ఆమె కుర్చీ చివర కూర్చుంది. నేను మధ్యలో ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పాను.

"తప్పే సార్" అన్నాడు సురేంద్ర. "కాదనను. కానీ ఒక మాట అడుగుతా. ఆ పొద్దు మా ఆడమనిషినే తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టింటే సీటు ఇచ్చింటారా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ప్రిన్సిపాల్ బల్ల మీది పెన్ను తీసి, చూసి, మళ్లీ పెట్టారు. ఏళ్ల తరబడి ఆయన పక్కన కూర్చున్నదాన్ని, జవాబు నాకు తెలుసు. ఇచ్చేవాళ్లం కాదు.

అప్పుడు నాగవేణి నా వైపు తిరిగింది. "సార్‌కు చెప్పండి మేడం. కార్డు గూడ మార్చాల్సిన పని లేదు. నన్ను పనామె లెక్కనే ఉండనీండి, నాకేం నామోషీ లేదు. పాపను మాత్రం తీసెయ్యొద్దని చెప్పండి."

రెండు భాషల్లోనూ మాటకు తడుముకునేదాన్ని కాదు నేను. ఆ మాట చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. మెల్లగా, ఒక్కో ముక్కా పేర్చుకుని చెప్పాను. ఆయన నేను తప్పు చెప్పాననుకుని, "ఆవిడ ఏమంది?" అని మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసేశారు. తర్వాత, "వద్దని చెప్పండి. రేపటి నుంచి తల్లిగానే రమ్మని చెప్పండి. పిల్ల ఇక్కడే చదువుతుంది" అన్నారు.

ఆయన మీద నాకున్న కోపంలో సగం ఆ క్షణంలో పోయింది. మిగతా సగం కోసం ఏడాది పోరాడాను. తల్లిదండ్రులు తమకు వచ్చిన భాషలోనే మాట్లాడవచ్చని, ఆ మాట గదిలో ముందే మేమే చెప్పాలని నియమం పెట్టించాను. కొత్తగా వచ్చేవాళ్లు దాన్ని పోనివ్వకండి.

కార్డు మార్చాక

కొత్త కార్డు మీద 'మదర్' అని అచ్చేయించాం. మొదటి రోజు నాగవేణి దాన్ని మెడలో వేసుకుని పట్టుచీర కట్టుకుని వచ్చింది. యాదమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఓ యవ్వ! నువ్వు కన్నతల్లివా? నేనేమో జీతమెంతిస్తున్రని అడిగితి గదనే! ఇగ నా మొఖం యాడ పెట్టుకోవాలె?" అంది. నాగవేణి నవ్వింది. ఆమె అలా పైకి వినబడేలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

పిల్ల మాత్రం స్కూల్లో ఇంకా అక్కా అనే పిలుస్తోంది. నాగవేణి పట్టించుకోలేదు, మేమూ పట్టించుకోలేదు. రెండు రోజుల్లో నేర్చుకున్నది రెండు రోజుల్లో మానేస్తుందిలే అనుకున్నాం.

ఆ వారంలోనే ఒకరోజు స్కూలు వదిలే వేళకు నేను గేటు దగ్గర ఉన్నాను. ఆద్య క్లాసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి నాగవేణిని చూపించి, మీ మమ్మీనా అని ఇంగ్లీషులో అడిగింది.

"నో" అంది ఆద్య. "షీ ఈజ్ అవర్ అక్క. షీ వర్క్స్ ఇన్ అవర్ హౌస్."

తడుముకోలేదు, తల దించుకోలేదు. చేరినప్పుడు ఇంగ్లీషులో రెండు ముక్కలు కలపలేని పిల్లకు ఉచ్చారణ కూడా చక్కగా కుదిరింది. నాగవేణికి అందులో అక్క అన్న మాట ఒక్కటే అందినట్టుంది. చిన్నగా నవ్వి, వంగి పిల్ల భుజం మీది బ్యాగు అందుకుంది.

నాకు కోపం నషాళానికంటింది. పిల్లకు తల్లంటే నామోషీ పట్టుకుంది, మేమంతా కలిసి ఇంత పని చేశామనుకున్నాను. పిల్లను చెయ్యి పట్టి గోడవారకు తీసుకెళ్లాను.

"ఆద్యా, ఏమిటా మాటలు? ఆవిడ మీ అమ్మ కదూ? అమ్మను అలా అంటారా ఎవరైనా?" అన్నాను. గట్టిగానే అన్నాను.

పిల్ల గబుక్కున చెయ్యి చాచి నా నోరు మూసింది. గేటు వైపు చూసింది, యాదమ్మ వైపు చూసింది, పైన ప్రిన్సిపాల్ గది కిటికీ వైపు చూసింది. నా చెవి దగ్గరికి వచ్చింది.

"మెల్లగా మేడం. ఎవరన్నా వింటే నా సీటు పోతుంది."

ప్రిన్సిపాల్ గదిలో మేం నలుగురు పెద్దవాళ్లం కూర్చుని అన్నీ సర్దుకున్నాం. తప్పులు ఒప్పుకున్నాం, కార్డు మార్చుకున్నాం, హమ్మయ్య అనుకుని ఎవరి పనుల్లోకి వాళ్లం వెళ్లిపోయాం. ఆ సంగతి ఆ పిల్లకు ఎవరమూ చెప్పలేదు.